కాగితం మీద పెరిగిన చెయ్యి

డాక్టరుకు అబద్ధం చెప్పడం మర్యాద అనుకున్నవాణ్ణి నేను. అదీ ఒకసారి కాదు, తొమ్మిదేళ్ళు. ఆ అబద్ధం వల్ల ఎవరికీ కీడు లేదనుకున్నాను. నా చెయ్యి, నా అబద్ధం, మధ్యలో ఇంకొకరికి పనేముంది? కుప్పం నుంచి ఒక మొగుడూ పెళ్ళాం నాలుగేళ్ళ పాపను ఎత్తుకుని మదనపల్లెకొచ్చి, "నీ చెయ్యి సూసి, మా బిడ్డకు ఆపరేషను చేపించాల్నా వద్దా తేల్చుకుందామని వచ్చినామన్నా" అన్న రోజు దాకా అట్లాగే అనుకున్నాను. తెలివితక్కువతనానికి కొలబద్ద ఉంటే నాది తొమ్మిదేళ్ళ పొడవు.

తెలుగులో నేర్పరిని చెయ్యి తిరిగినవాడు అంటారు. ఆ లెక్కన నేను పుట్టుకతోనే పండితుణ్ణి. నా కుడి ముంజేతిలో రెండు ఎముకలుండాల్సిన చోట ఒకటే ఉంది. బొటనవేలి వైపుది రాలేదు. దానికి తోడుగా బొటనవేలు కూడా రాలేదు. ఎముక లేని వైపుకు చెయ్యి మణికట్టు దగ్గర కొడవలిలాగ వంగిపోయింది. మోచెయ్యి సగమే మడతపడేది. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట వంకాయ కోసిందని పుంగనూరు చుట్టుపక్కల చెప్పుకునేవాళ్ళు. ఆ నెలల్లో గ్రహణమే పట్టలేదని నాయన పంచాంగం తీసి చూపించినా ఎవరూ వినలేదు. పంచాంగంలో తప్పు ఉండొచ్చుగాని పక్కింటావిడ జ్ఞాపకంలో తప్పు ఉండదు గదా.

అయితే ఆ వంకర చేత్తో నేను బాగానే తినేవాణ్ణి. సంగటి ముద్దను నాలుగు వేళ్ళతో తుంచి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడిలో అద్ది ఎత్తితే, వంగిన చెయ్యి తిన్నగా నోటి దగ్గరికే వచ్చేది. మోచెయ్యి మడతపడని దూరాన్ని మణికట్టు వంపు పూడ్చేదన్నమాట. ఆ సంగతి అప్పట్లో నాకూ తెలీదు, తర్వాత కోసిన డాక్టరుకూ తెలీదు. నోటికి మాత్రం తెలుసు. నోరు ఆ విషయం తప్ప మిగతావన్నీ మాట్లాడుతుంది.

డెబ్బైల మొదట్లో, నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళప్పుడు, నాయన నన్ను బస్సులో కుప్పం దాకా తీసుకుపోయి, అక్కడినుంచి రైలెక్కించి, రాష్ట్రం దాటాక ఉన్న ఒక పెద్దాసుపత్రిలో చేర్పించాడు. ముందు కొన్ని వారాలు పిండికట్లు వేసి, వంకరను లాగి లాగి సాగదీశారు. తర్వాత కోసి, చేతిని ఉన్న ఒక్క ఎముక నెత్తిన నిలబెట్టి, లోపల ఉక్కు కడ్డీ దించారు. నాయనకు చేను, అమ్మకు ఆవులు ఉన్నాయి. పదిహేను రోజులకొకసారి ఎవరో ఒకరు వచ్చి చూసిపోయేవాళ్ళు. మిగతా రోజులు ఆ అరవ వార్డులో నా తెలుగు నాకొక్కడికే వినిపించేది. సాయంత్రాలు దుప్పటి కింద "మా ఎర్రావుకు దూడ పుట్టిండాది" అని నాకు నేనే వార్తలు చెప్పుకునేవాణ్ణి. నిజంగా పుట్టిందో లేదో తెలీదు. అడిగేవాళ్ళు లేనప్పుడు దూడల్ని ఎన్నయినా పుట్టించవచ్చు.

డాక్టరు మాత్రం దేవుడే. రోజూ మంచం పక్కన కూర్చుని, మా వైపు రోగుల దగ్గర నేర్చుకున్న తెలుగులో, "ఏమప్పా, ఎట్ల ఉండావు?" అని అడిగేవాడు. కట్టు విప్పిన రోజు చెయ్యి కడ్డీలాగ తిన్నగా ఉంది. లోపల ఉన్నదే కడ్డీ కాబట్టి ఆశ్చర్యం లేదుగాని, ఆయన ముఖం చూడాల్సింది. మిగతా డాక్టర్లను పిలుచుకొచ్చి చూపించాడు. గళ్ళపలక మీద నా చెయ్యి పెట్టించి ఫోటో తీయించాడు. చేతికి తీశారు, నాకు తీయలేదు. మా ఇద్దరిలో పేరున్నది అదే.

ఇంటికొచ్చాక ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. అందరూ పోయాక అమ్మ సంగటి పెట్టింది. ముద్ద తుంచి ఎత్తాను. చెయ్యి వచ్చి, నోటికి ముందు జానెడు దూరంలో ఆగిపోయింది. మోచెయ్యి ఎంత మడిచినా అంతే. ఊరిబిండి కారిపోతోంది, ముద్ద గాలిలో ఉంది, నేను నోరు తెరుచుకుని ఉన్నాను. కాసేపు చూసి, తలనే చేతి దగ్గరికి దించాను. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయి, ఆరిపోయిన పొయ్యిని చాలాసేపు ఊదింది.

ఆ ఏడే పుంగనూరులో చుట్టాల పెళ్ళి. బంతిలో కూర్చుని విస్తరాకు మీదికి వంగి తింటున్నాను. ఎదురు వరసలో మామ వరసయ్యే ఒకాయన గట్టిగా అన్నాడు: "ఏమల్లుడా, ఆకు వాసన సూస్తాండావా? సూడండప్పా, వీడికి గిత్త మాదిరి మేత మేసేది వచ్చేసిండాది!"

బంతి బంతంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆ తర్వాత మళ్ళీ బంతిలో కూర్చోలేదు.

ఎడం చేత్తో తినొచ్చు గదా అని మీరు అడగొచ్చు. మా వైపు బంతిలో ఎడం చెయ్యి అన్నంలో పెడితే పక్కవాడు ఆకు మడిచి లేచిపోతాడు. కుడిచేది కాబట్టే అది కుడి చెయ్యి. దానికి నోరు అందకపోతే తప్పు నోటిదే అవుతుంది. అందుకని పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళతో కలిసిపోయి తిరిగేవాణ్ణి. అందరూ తిని వెళ్ళాక, అరుగు వెనకాల గోడవైపుకు తిరిగి తినేవాణ్ణి. నన్ను చాలామంది బుద్ధిమంతుడనేవాళ్ళు. ఆకలిని ఆపుకోగలిగేవాడు బుద్ధిమంతుడిలాగే కనబడతాడు.

ఇక అబద్ధం సంగతి. ఆసుపత్రి నుంచి ఏడాదికొకసారి ఒక కవరు వచ్చేది. అందులో ఒక పలచటి కాగితం, తిప్పి పంపడానికి స్టాంపు అంటించిన మరో కవరు ఉండేవి. ముంజేతినీ చేతినీ ఆ కాగితం మీద ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపాలి. ఏళ్ళు గడిచేకొద్దీ చెయ్యి తిన్నగా నిలబడిందో లేదో డాక్టరు దాన్ని చూసి తెలుసుకుంటాడు. మొదటి రెండేళ్ళూ నిజమే గీశాను. మూడో ఏడు, ఆసుపత్రికి పోయి కడ్డీ తీయించుకున్నాక, గీసిన గీత కొంచెం పక్కకు ఒరిగింది. చెయ్యి మెల్లగా తన పాత దారి పట్టింది.

అప్పుడు నేను మదనపల్లెలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. సెలవుల్లో నాయనకు చూపిస్తే ఆయన ముఖం వాడిపోయింది.

"మళ్ళీ వంగితే మళ్ళీ కడ్డీ పెడతామన్న్యాడు గదరా?"

"అవు నాయనా."

"అంత పెద్దాయన నిన్ను సొంత బిడ్డ మాదిరి సూసుకున్న్యాడు. ఆయన మొగం చిన్నబుచ్చే మాట మన ఇంటినించి పోగూడదు. పెరిగేటప్పుడు అటూ ఇటూ అయితాది. సర్దుకుంటాదిలే. బాగుండాదని రాయి."

ఇది మా వైపు మర్యాద. మేలు చేసినవాడు "బాగుండావా?" అని అడిగితే జవాబు ఒకటే ఉంటుంది. నూటమూడు జ్వరంతో వణుకుతున్నా "బాగుండానప్పా" అనే అంటాం. ఆయన అడిగింది మందు కోసమనీ, మేము చెప్పింది మర్యాద కోసమనీ మాకు తట్టలేదు. దానికి తోడు నాకు కడ్డీ అంటే భయం. మర్యాదా భయమూ ఒకే బండికి కట్టిన ఎద్దులైతే, బండి ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

రెండో ఏడు గీసిన దానికి నకలు నా దగ్గర ఉంది. హాస్టలు కిటికీ అద్దానికి దాన్ని అంటించి, పైన కొత్త కాగితం పెట్టి, పాత గీతకు వడ్లగింజ మందం బయటగా కొత్త గీత గీశాను. మరుసటి ఏడు ఇంకో వడ్లగింజ. ఆ విధంగా అద్దం మీద ఒక చెయ్యి పెరగసాగింది. నిటారుగా, ఆరోగ్యంగా, క్రమం తప్పకుండా. నాకంటే బుద్ధిగా పెరిగింది. డాక్టరు నుంచి "చాలా సంతోషం. ఒకసారి స్వయంగా వచ్చి చూపించు" అని జవాబు వచ్చేది. నేను పరీక్షలని, వానలని, బస్సులు లేవని రాసేవాణ్ణి. ఆ రోజుల్లో నా పేరున వచ్చే ఉత్తరం ఏడాది మొత్తానికి అదొక్కటే. అది కూడా నాకు లేని చేతికి.

అసలు చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. పద్నాలుగో ఏట అనుకుంటాను, ఒక మధ్యాహ్నం హాస్టలు వెనకమెట్ల మీద ఒక్కణ్ణే కూర్చుని తింటున్నాను. అలవాటుగా తల దించబోతుంటే, ముద్ద పెదవికి తగిలింది. తల ఇంకా దించనేలేదు. మళ్ళీ ఎత్తి చూశాను. మళ్ళీ తగిలింది. ఉత్త సాంబారన్నం. అంత రుచిగల అన్నం నేను మళ్ళీ తినలేదు.

ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పేది? నాయనకు చెబితే దిగులు. డాక్టరుకు చెబితే కడ్డీ. పక్క మంచం పిల్లవాడికి "నేను ఇవాళ అన్నం తిన్నాను" అంటే, "నేనూ తిన్న్యాను, అయితే ఏంది?" అంటాడు. కంచం కడుక్కుని తరగతికి వెళ్ళిపోయాను.

నోటికి చెయ్యి అందిందిగాని, బంతికి నేను అందలేదు. అప్పటికే ఒంటరిగా తినడం ఒంటికి పట్టేసింది. ఎనభైల్లో మదనపల్లెలోనే ఒక చిన్న గ్రంథాలయంలో ఉద్యోగం దొరికింది. ఎడం చేత్తో ముద్రలు వేయడం, పొడుగు చేతుల చొక్కా లోపల కుడి చేతిని దాచడం, గదికొచ్చి కిరసనాయిలు స్టవ్ మీద ఒక మనిషికి సరిపడా వండి, గోడకెదురుగా కూర్చుని తినడం. ఆ గోడ మీద సున్నం పెచ్చులూడిన మరకలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇంట్లోవాళ్ళు పెళ్ళిమాట ఎత్తితే, అమ్మాయితో కలిసి ఒక పూట భోజనం చెయ్యాలనే భయంతోనే వద్దన్నాను. కారణం మాత్రం జీతం చాలదని చెప్పాను. డాక్టరు కాగితాలతో చెయ్యి బాగా అలవాటు పడింది గదా, అబద్ధం ఆడటానికి.

అట్లాంటి రోజుల్లో కుప్పం వాళ్ళు గ్రంథాలయానికి వచ్చారు.

ఆయన కూరగాయల వ్యాపారి. ఆమె చంకలో పాప, ఆయన చేతిలో డాక్టరు రాసిచ్చిన నా చిరునామా. బల్లకు అవతల నిలబడి ఆయనే మొదలుపెట్టాడు.

"మా బిడ్డకు గూడా నీ మాదిరేనన్నా. వచ్చే సోమవారం చేరమన్న్యాడు దాక్టరు. మా ఆడమనిషి భయపడతాంటే నీ చెయ్యి గీసిండే కాగితాలు ఏడాదేడాదివీ వరసగా పరిచి సూపించినాడు. కావాలంటే పోయి కండ్లారా సూసి రాండి అన్న్యాడు."

నా కుడి చెయ్యి బల్లకింద ఉంది. దాన్ని అక్కడే ఉంచి, "కూర్చోండి" అన్నాను. ఆమె పాపను బల్లమీద కూర్చోబెట్టి చేతికి బన్ను ఇచ్చింది. పాప చెయ్యి నా చిన్నప్పటి చెయ్యే. మోచెయ్యి నాకంటే అధ్వాన్నం, కర్రలాగ బిగుసుకుని ఉంది. అయినా వంగిన మణికట్టుతో బన్నును గిర్రున నోటికి తెచ్చుకుని, మమ్మల్ని ముగ్గుర్నీ చూస్తూ, దర్జాగా కొరుక్కుతింటోంది.

"సూపీయన్నా," అంది ఆమె.

నేను లేచి తలుపు మూసుకుని ఎటైనా పోవాలనుకున్నాను. గ్రంథాలయంలో తలుపు మూసే వేళ కాలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాను.

ఆయనే అన్నాడు, "ఇదేందిన్నా, వంకర తిరిగే ఉండాదే! కాగితంలో నిట్టనిలువుగా ఉండె గదా?"

"కాగితంలోది అద్దం మీద గీసింది," అన్నాను. మొత్తం చెప్పాను. పేపరు చదువుకుంటున్న ముసలాయన ఒకరు తల ఎత్తి విన్నారు. చెబుతుంటే అది మర్యాదలాగ లేదు.

"యాలన్నా అట్ల చేసినావు?" అన్నాడు ఆయన, కోపంగా. "మేము నిన్ను సూసి గదా బిడ్డను కోతకిస్తాండేది!"

ఆమె మాత్రం నా చేతినే చూస్తోంది. "అన్నా, ఆపరేషను చేపించినాక తినేదానికి అయ్యిందా నీకు?" అని అడిగింది.

నా జీవితంలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. డాక్టరు వంపు ఎన్ని డిగ్రీలని అడిగాడు, ఊరు ఎంత తిన్నగా ఉందని అడిగింది. "లేదమ్మా," అన్నాను. "మళ్ళీ వంగేదాకా కాలేదు."

"అయితే వద్దంటావా?"

"అది చెప్పేవాణ్ణి నేను కాదమ్మా. మోచెయ్యి బాగా మడతపడే బిడ్డలకు తిన్నగా చేస్తే మంచిదే అవుతుందేమో. నాతో పాటు వార్డులో ఉన్న ఒకడికి అయ్యింది. నాకు తెలిసింది నా చెయ్యి ఒక్కటే. దాన్ని తీసుకొచ్చి డాక్టరుకు చూపిస్తాను."

ఆదివారం బస్సెక్కి కుప్పం వెళ్ళాను. మధ్యాహ్నం వాళ్ళింట్లో అందరికీ ఒకే వరసలో ఆకులు వేశారు. నేను తర్వాత తింటానన్నాను. "అదేం కుదరదన్నా, కూసో," అని ఆమె నా ఆకు పాప పక్కనే వేసింది. చాలా ఏళ్ళ తర్వాత పక్కన మనిషి ఉండగా ముద్ద ఎత్తాను. పాప నా చెయ్యి చూసి, తన చెయ్యి చూసుకుని, అట్లాగే ఎత్తింది.

"ఇద్దురూ ఒకే ఇస్కూల్లో నేర్చుకున్నట్ల తింటాండారే!" అంది ఆమె నవ్వుతూ.

ఎందుకో నాకు కారం ఎక్కువైంది. నీళ్ళు తాగాను. ఆ రోజు గోడ చూడాల్సిన అవసరం రాలేదు.

సోమవారం పొద్దున్నే రైల్లో ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు జుట్టు నెరిసింది. నన్ను చూడగానే లేచి నిలబడి, "వచ్చినావా అప్పా!" అని రెండు చేతులూ చాచాడు. నేను చొక్కా చెయ్యి మడిచాను. ఆయన చాచిన చేతులు మెల్లగా దిగాయి. కొలతబద్ద తీసి వంపు కొలిచాడు, మళ్ళీ కొలిచాడు, రాసుకున్నాడు. నేను అద్దం సంగతి చెప్పాను.

"తొమ్మిదేండ్లు," అన్నాడు. కోపగించి ఉంటే బాగుండేది. "నీ కాగితాలు చూపించి ఎంతమందికి ధైర్యం చెప్పినానో నీకు తెలుసునా? వాళ్ళల్లో ఎవురిది నిలిచిందో, ఎవురు నీ మాదిరి బాగుండాదని రాస్తాండారో, నేను ఇప్పుడు ఎట్ల తెలుసుకునేది?"

తల వంచుకున్నాను. ఆ పని మాత్రం నాకు చిన్నప్పటినుంచీ బాగా వచ్చు.

ఆయన కాసేపటికి పాప తండ్రివైపు తిరిగి, "వంగిందంటే ఆపరేషన్ ఫెయిలయినట్లే. ఈసారి కడ్డీ ఎక్కువ కాలం ఉంచుతాము. తిన్నగానే నిలబెడతాము," అన్నాడు. ఆ తండ్రీ సరేనన్నట్టు తల ఊపబోయాడు. పెద్దాయన మాట కాదనడం మాకు రాదు.

ఆమె నావైపు చూసింది. అదే సమయానికి డాక్టరుకు టిఫిను వచ్చింది. నాలుగు ఇడ్లీలు, గిన్నెలో సాంబారు. నాకు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

"సార్, మీ కుడి చెయ్యి ఒకసారి ఇట్లియ్యండి," అన్నాను.

ఇచ్చాడు, పాపం. బల్లమీదున్న చెక్క స్కేలును ఆయన అరచేతినుంచి ముంజేతి దాకా పెట్టి, కట్టుగుడ్డ చుట్టాను. ఎక్స్‌రే అట్టను మోచేతి మడతలో పెట్టి, పాపది ఎంత మడతపడుతుందో అంతకే మడతపడేట్టు ఇంకో గుడ్డ చుట్టాను. ముడి ఎడం చేత్తోనూ పళ్ళతోనూ వేశాను. అవసరమైనదానికంటే కొంచెం గట్టిగానే వేశానని ఒప్పుకుంటున్నాను.

"ఇప్పుడు తినండి సార్."

డాక్టరు నన్ను ఒకసారి, ఇడ్లీని ఒకసారి చూశాడు. తుంచి, సాంబారులో అద్ది, ఎత్తాడు. చెయ్యి గాలిలో ఆగింది. ఇంకొంచెం ప్రయత్నించాడు. సాంబారు మణికట్టు మీదుగా కారి తెల్లకోటు మీద పడింది. నర్సు పరుగున వస్తే ఆగమన్నాడు. భుజం పైకెత్తి చూశాడు, పక్కకు తిరిగి చూశాడు. చివరికి, అంత పెద్ద డాక్టరు, తల వంచి ప్లేటు దగ్గరికి మూతి తెచ్చి ఆ ముక్క అందుకున్నాడు. పాపకు నవ్వొచ్చింది. తండ్రి పాప నోరు మూశాడు.

డాక్టరు ఆ ముక్కను చాలాసేపు నమిలాడు. తర్వాత ఎడం చేత్తో పాప మోచేతిని పట్టుకుని మడిచి చూశాడు. బన్ను తెప్పించి పాప చేతికిచ్చి, అది నోటికి పోయే దారిని కళ్ళార్పకుండా చూశాడు.

"అమ్మా," అన్నాడు ఆమెతో, "మణికట్టు జోలికి పోవద్దు. రాత్రిపూట పెట్టేదానికి మెత్తటి అట్టకట్టు ఇస్తాను. ముందు ఈ మోచెయ్యి మడిచేది నేర్పిద్దాం. అది మడిచిన నాడు మిగతాది మాట్లాడుకుందాం. మడవకపోతే, ఇట్లనే ఉండనీ." నర్సుతో మంచం ఇంకొకరికి ఇమ్మని చెప్పాడు. ఆమె పాపను ఎత్తుకుని కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఆయన కట్టున్న చేతిని నా ముందుకు చాచి, "సరే అప్పా, తెలిసింది. ఇంక విప్పు," అన్నాడు.

ప్లేటులో మూడు ఇడ్లీలు ఇంకా అట్లాగే ఉన్నాయి.

"తినేసేయండి సార్, చల్లారిపోతాయి," అన్నాను. సాంబారు గిన్నెను ఆయనకు ఇంకో బెత్తెడు దూరంగా జరిపి, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.